ఆకాశానికి గోడ

కాకులకి ముద్ద పెట్టనిదే నారాయణమ్మ ఇంట్లో ఎవరికీ కంచం పెట్టదు. ఆ ఆదివారం పొద్దున్న కూడా అన్నం వార్చి, గుప్పెడు ముద్ద కట్టి, దాని మీద నాలుగు నెత్తళ్ళ వేపుడు ముక్కలు పెట్టి, మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి డాబా మీదికి వెళ్ళింది. పిట్టగోడ మీద ముద్ద పెట్టి చెయ్యి తీసేలోగానే కాకులు వచ్చి వాలాయి. వాటిలో తన అత్త ఏదో అని రోజూ వెతుక్కుంటుంది ఆవిడ. అత్త జగ్గమ్మ పోయి మూడేళ్ళు దాటింది. బతికినన్నాళ్ళూ నెత్తళ్ళు లేనిదే ముద్ద దిగని మనిషి, పైలోకంలో చప్పిడి కూడు తింటోందంటే కోడలి మనసు ఒప్పుకోలేదు.

అయితే ఈ మధ్య డాబా ఎక్కినప్పుడల్లా ఆవిడ చూపు కాకుల మీద నిలవడం లేదు. నెత్తి మీద, ఇనుప స్తంభాల మీద, చెయ్యెత్తినా అందనంత ఎత్తున సోలార్ పలకలు వరసగా ఉన్నాయి. మెట్ల వైపు నుంచి చూస్తే వాటి వీపులే కనిపిస్తాయి. మొహాలన్నీ అటు దక్షిణానికి, సూర్యుడి వైపు తిరిగి ఉంటాయి. వాటి కింద నుంచి బయల్దేరిన తీగలు ఒక గొట్టంలో దూరి గోడ వెంట కిందికి దిగుతాయి. నారాయణమ్మ ఆ గొట్టాన్ని కళ్ళతోనే ఆసాంతం తడిమింది. ఎక్కడైనా కోసి ఉందా? కొత్త తీగ ఏదైనా పక్క వాకిట్లోకి, తోడికోడలు రాణి ఇంట్లోకి దిగిందా?

ఒకటి దిగింది. అది టీవీ డిష్షు తీగ. డిష్షు తీగేనని కొడుకు యుగంధర్ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో! అయినా అనుమానం పెనుభూతమన్నారు గానీ, అది కొడుకు చెబితే పోతుందని ఎవరూ అనలేదు కదా.

ఆవిడ కిందికి దిగేసరికి మొగుడు గంగులు అరుగు మీద కూచుని వేపపుల్ల నములుతున్నాడు. పడవల దగ్గర చేపలు కొని విశాఖపట్నం పంపే వ్యాపారం ఆయనది. ఆదివారం మాత్రం కాస్త నిదానం.

"మావా, ఎల్లాజీ ఎప్పుడొస్తానన్నాడు?" అడిగింది నారాయణమ్మ.

"వస్తాడే. ఇటికెలొచ్చేసినాయి, మనిషి రాడేటి?" అన్నాడు గంగులు. తాపీ మేస్త్రీ వస్తాడన్న సంబరం ఆయన గొంతులో బొత్తిగా లేదు.

యుగంధర్ విజయనగరంలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో పనిచేస్తాడు. శనివారం రాత్రి బస్సుకి వస్తాడు, సోమవారం పొద్దున్న బస్సుకి పోతాడు. అతను టీ గ్లాసు పట్టుకుని వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, డాబా మీద ఇప్పుడు గోడెందుకే? గోడ లేపితే దాని నీడ పలకల మీద పడతాది. వచ్చే కరెంటు కూడా పోతాది."

"నీడ పడితే పడనీరా. దొంగ సెయ్యి పడకుండా ఉంటే సాలు."

"పిన్నిని దొంగంటే నోరు పడిపోతాదే."

"పడితే నా నోరు కదా పడతాది, నీకేటి?" అని నారాయణమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు ఆ డాబాకి గోడ లేకపోవడం వెనక ఒక మాట ఉంది. గంగులు, అతని తమ్ముడు హరిబాబు వాటాలు పంచుకున్నప్పుడు ఇంటికి నడిమధ్యగా గోడ లేచింది. పొయ్యిలు రెండయ్యాయి, వాకిళ్ళు రెండయ్యాయి. మెట్లు మాత్రం ఉమ్మడిగా పెరటి వైపు ఉండిపోయాయి. పైన కూడా గోడ కట్టాలా అని మేస్త్రీ అడిగితే, జగ్గమ్మ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్న చుట్ట బయటికి తీసి కసిరింది. "కింద కట్టుకున్నారు, సాలు. సూరీడికీ గాలికీ కూడా వాటాలేట్రా? ఆకాశానికి గోడ కడతారేట్రా?" అంది. ఆ మాటకి తిరుగు లేకపోయింది. అత్తా ఇద్దరు కోడళ్ళూ ఆ డాబా మీదే చాపలు పరిచి కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చేపలు ఎండబెట్టుకునేవారు. నారాయణమ్మకి మోకాళ్ళు అరిగిపోయాక, అత్త కూడా పోయాక, ఆ పని రాణి ఒక్కదానిదే అయింది. హరిబాబు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటాడు. ఇంటి దగ్గర రాణికి, కాలేజీలో చదివే కూతురు తులసికి ఆ ఎండుచేపలే ఆధారం. కోటబొమ్మాళి సంతలో రాణి చేపలంటే మంచి పేరు. డాబా మీద ఎండినవి గనక వాటిలో ఇసుక రవ్వ కూడా తగలదు.

సోలార్ మాట తెచ్చింది యుగంధర్. గంగులు చేపలు దాచే పెద్ద ఫ్రీజరు రాత్రీ పగలూ కరెంటు తాగుతుంటే, మనకి ఎండ ఊరికే పోతోంది కదా అన్నాడు. విజయనగరం నుంచి తన స్నేహితుడు చినబాబుని తీసుకొచ్చాడు. పలకలు బిగించే పని అతనిది. ఆ కుర్రాడు వచ్చీరాగానే కొలతలు తీస్తాడనుకుంటే, ముందు శ్లాబు ఎప్పుడు పోశారని అడిగాడు. వానాకాలంలో ఎక్కడైనా కారుతుందా అని అడిగాడు. హుద్‌హుద్ తుపాను గాలికి ఈ వీధిలో ఏమేమి ఎగిరాయో అడిగాడు. కొబ్బరిచెట్ల నీడ ఏ వేళ ఎటు పడుతుందో చూసుకున్నాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్తంభాలు వెయ్యాలన్నాడు, బోల్టులు దింపిన కన్నాలు బాగా మూయాలన్నాడు. "లైన్లో కరెంటు పోతే ఇది కూడా ఆగిపోద్దండి. తుపానులో దీపాలు వెలుగుతాయని మాత్రం పెట్టించుకోకండి" అని ముందే చెప్పాడు. సూర్యుడు నెత్తి మీద ఉండగా కరెంటు ఎందుకు పోతుందో నారాయణమ్మకి ఎంతకీ అర్థం కాలేదు. ఆవిడ మొదటి అనుమానం ఆ రోజే పుట్టింది.

చివరికి అతను అడిగాడు. "డాబా మీద మీరు ఏం చేస్తారండి?"

కింద వాకిట్లో రాణి కత్తిపీట ముందు కూచుని చేపలు కోస్తోంది. డాబా మీద ఆవిడ చాపలు చుట్టి మూలకి ఆనించి ఉన్నాయి. చేపల మాట చెబితే ఈ కుర్రాడు కుదరదంటాడేమోనని నారాయణమ్మ భయపడింది. "ఏటి సేస్తాం బాబూ, బట్టలారేసుకుంటాం" అంది. గంగులు దగ్గాడు. యుగంధర్ తల్లి మొహం చూసి చూపు తిప్పుకున్నాడు. చినబాబు సరేనని, ఎండ బాగా తగిలే నడిమి చోటు చూసి గుర్తులు పెట్టుకున్నాడు.

దీపావళి వెళ్ళాక పలకలు లేచాయి. నారాయణమ్మ వాటికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. రాణి కూడా వచ్చి నాలుగు పువ్వులు వేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున్న చాపలు చంకన పెట్టుకుని కిందికి దిగిపోయింది. "ఇకనుంచి అటేపు ఆరబెడతానప్పా" అని, అక్కని పిలిచినట్టే పిలిచి, ఒక్క మాట చెప్పింది. ఎటువైపని నారాయణమ్మ అడగలేదు. ఎందుకని అంతకన్నా అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందో ఆవిడకి లోలోపల తెలుసేమో!

సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. ఎండలు ముదిరే కొద్దీ పెట్టెలో అంకె పెరగాలి. మెట్ల కింద బిగించిన ఇన్వర్టర్ పెట్టె ఆ రోజు ఎన్ని యూనిట్ల కరెంటు తయారైందో చూపిస్తుంది. మొదట్లో పన్నెండు దాటిన అంకె, ఇప్పుడు ఏడు దగ్గరే చతికిలబడుతోంది. యుగంధర్ ఫోన్ చేస్తే చినబాబు "పలకలు కడుగుతున్నారా?" అని అడిగాడు. ఫోన్ గంగులుకిస్తే "ఆఁ, ఆఁ" అన్నాడాయన. ఆకాశంలో వాన ఉండగా మనిషి నీళ్ళు మోయడమేమిటని ఆయన ధీమా. దీపావళి వెళ్ళాక మళ్ళీ వాన పడలేదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

ఎదురింటి తాయారు ఆ రోజుల్లోనే ఒక మాట జారవిడిచింది. "మీ రాణి ఇంట్లో ఫేను పగలంతా తిరుగుతాదేటమ్మా? మాకైతే బిల్లుకి భయమేసి కట్టేస్తాం." అంతే. ఇక నారాయణమ్మకి గోడ అవతల ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి వినపడలేదు. రాణి డాబా ఎందుకు దిగిపోయింది? తన మీద అనుమానం రాకుండా ఉండడానికే. పొద్దున్నే బుట్ట మీద గుడ్డ కప్పుకుని ఎక్కడికో ఎందుకు పోతోంది? తన కళ్ళలో కళ్ళు పెట్టి చూడలేక. మాట్లాడితే నటన, మాట్లాడకపోతే దొంగకి తేలు కుట్టినట్టు. పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చగానే ఉంటుంది.

ఎల్లాజీ నిచ్చెన, తాడు, తాపీ పట్టుకుని వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. డాబా మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి తాడు లాగాడు. "వాటా సమంగా ఉన్నాదో నేదో ఆ తల్లిని కూడా పిలవండి. రేపు తగువొస్తే నా పీకల మీదకొస్తాది" అన్నాడు. యుగంధర్ ఇష్టం లేకపోయినా వెళ్ళి పిన్నిని తీసుకొచ్చాడు.

రాణి వచ్చింది. తల మీద తువ్వాలు, కాళ్ళకి మోకాళ్ళ దాకా ఇసుక. మనిషి ఎండకి బాగా నల్లబడింది.

"ఏటప్పా, పిలిసినావట? తొందరగా సెప్పు, సేపలు తిరగెయ్యాల. కాపలాకి ఎవులూ నేరు" అంది.

"ఈ తాడు సూడు. ఇటు నాది, అటు నీది. మద్దిన గోడ లేస్తాది."

రాణి తాడుని చూసింది, మూలనున్న ఇటుకల్ని చూసింది. "డాబాకా? అత్త ఏటన్నాదో మరిసిపోనావా?"

"అత్త ఉన్నప్పుడు ఇంట్లో దొంగల్నేరు."

ఎల్లాజీ తాపీ పక్కన పెట్టి సముద్రం వైపు చూడసాగాడు.

"దొంగెవులప్పా?" అంది రాణి, చాలా నెమ్మదిగా.

"నానెందుకు సెప్పాల? పెట్టెలో అంకె సగానికి పడిపోనాది. మా ఇంట్లో కొత్తగా దీపం కూడా ఎయ్యనేదు. మరి కరెంటేటి, కాకెత్తుకుపోనాదా? నీ ఇంట్లో ఫేను పగలంతా ఎలగ తిరుగుతాది?"

"తులసికి పరీక్షలు. గుంట సెమటలు కక్కుకుంటా సదవలేక ఏసుకుంటంది. ఆ బిల్లు నానే కడతన్నాను, నువ్వు కాదు."

"అమ్మా," యుగంధర్ మధ్యలోకి వచ్చాడు, "ఆ పెట్టె చూపించేది మన వాడకం కాదే, తయారైంది. పెట్టె దాటాక ఎవరు లాగినా ఆ అంకె తగ్గదు."

"అయితే పెట్టెకి రాకముందే లాగతన్నాది! ఆ పలకల కాడే తగిలించుంటాది తీగ!"

గంగులు మెట్ల దగ్గర నిలబడి "ఊరుకోవే" అన్నాడు. ఆ మాట నారాయణమ్మని చేరనే లేదు.

రాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కట్టుకో అప్పా, గోడ కట్టుకో. అది లేసిన రోజే నా వాటా అమ్మేసి, పిల్లనట్టుకుని భావనపాడు మా అమ్మోలింటికి ఎల్లిపోతాను. మీ మరిది గుజరాత్ నుంచొచ్చి నా ఇల్లేదే అనడిగితే, మీ వదిన్నడుగు అని సెప్తాను. ఇంక నీకూ నాకూ గోడతో కూడా పని నేదు."

నారాయణమ్మకి మరిది కళ్ళ ముందు మెదిలాడు. హరిబాబుని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో చంకనెత్తుకుని తిప్పింది ఆవిడే. అతను ఈ వాకిట్లో అడుగుపెట్టేసరికి పక్క వాటాలో ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఉంటారా? కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే తీగ లేదని తేలాలి. తీగ ఉందని తేలితే తను గెలిచినట్టు. రెంటికీ పైకెక్కి చూడడం తప్ప దారి లేదు.

"నిచ్చెన ఇటెయ్యి ఎల్లాజీ. నానే సూస్తాను."

"మోకాళ్ళతో నువ్వేటెక్కుతావే? నానెక్కుతాను" అన్నాడు యుగంధర్.

"నువ్వు ఉన్నా నేదంటావు. అట్టుకో నిచ్చెన" అంది ఆవిడ. చీర చెంగు బొడ్లో దోపింది. పలకల మొహం వైపు, దక్షిణం నుంచి నిచ్చెన వేయించుకుని, ఒక్కో మెట్టుకీ దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కింది. తల పలకల అంచు దాటి పైకి వచ్చింది.

నల్లగా నిగనిగలాడాల్సిన పలకలు సున్నం చల్లిన గోడల్లా ఉన్నాయి. తెల్లటి కాకి రెట్ట, ఎండిన దాని మీద ఎండి, పొరలు పొరలుగా అంటుకుపోయింది. మిగిలిన చోటంతా ఉప్పుగాలికి పట్టిన జిడ్డు, దాని మీద దుమ్ము. పలకకీ పలకకీ మధ్య సందుల్లో ఈకలు, చేప ముళ్ళు, చిన్న చిన్న నెత్తళ్ళ తలకాయలు.

నెత్తళ్ళు! దొంగ దొరికిందనుకుంది నారాయణమ్మ. "ఓసే రాణీ, ఇవిగో నీ సేప..." అనబోయింది. అనబోతూనే ఒకటి చేతికి తీసుకుంది. ఎండుచేప కాదది. పసుపూ కారం పట్టించి, కరివేపాకుతో నూనెలో వేయించినది. దాని పక్కనే నాలుగు అన్నం మెతుకులు బిర్రబిగిసి ఉన్నాయి. రోజూ అత్తకని పెట్టిన ముద్ద. పిట్టగోడ మీద ముద్ద ఎత్తుకున్న కాకి, తీరిగ్గా కూచుని తినడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంది?

ఆవిడ పలక అంచు పట్టుకుని, కింద నిలబడ్డ రాణి మొహం చూడలేక తల ఎత్తి దూరంగా చూసింది. ఆ ఎత్తు నుంచి సరుగుడు తోట అవతల, రేవుకి పోయే దారి పక్కన ఇసుక దిబ్బ కనిపించింది. ఇసుక మీద రాణి చాపలు. వాటి పక్కన గుచ్చిన చిరుగుల గొడుగు. ఇన్నాళ్ళూ "అటేపు" అంటే అదన్నమాట. చెట్టు నీడ లేదు, పక్కన ఇల్లు లేదు. ఆ చాపల మీద ఇప్పుడు మనిషి కూడా లేదు. కుక్కలు ఉన్నాయి.

"రాణీ! కుక్కలే! నీ సేపలు తినేస్తన్నాయే!"

ఆ కేకకి రాణి ఉలిక్కిపడి మెట్ల మీదుగా పరుగెత్తింది. నారాయణమ్మ నిచ్చెన ఎలా దిగిందో, మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. అరిగిన మోకాళ్ళు ఆ పూట ఎక్కడికి పోయాయో! దారిలో ఒక సరుగుడు కొమ్మ అందుకుని, చెప్పులు లేని కాళ్ళతో కాలే ఇసుకలో తోడికోడలి వెనకే పరిగెత్తింది. ఇద్దరూ అరుచుకుంటూ కుక్కల్ని తరిమారు. తరిమేసరికి సగం చాపలు ఖాళీ అయ్యాయి. మిగిలినవి ఇసుకలో కలిసిపోయాయి.

రాణి కూలబడి, మిగిలిన చేపల్ని ఏరడం మొదలుపెట్టింది. నారాయణమ్మ కొమ్మ పారేసి ఆవిడ ఎదురుగా కూచుంది. గుప్పిట విప్పింది. అందులో వేయించిన నెత్తడు ఇంకా ఉంది.

"కాకులే రాణీ. పలకలన్నీ రెట్టలే. నానే పిలిసినాను వాటిని. అత్తకని ముద్దెట్టి నానే పిలిసినాను."

రాణి తల ఎత్తలేదు. "మీ పలకల నీడ పడి నా సేపలు మెత్తబడిపోనాయప్పా. పోనీ ఎండున్న మూలకి జరుపుకుందామనుకున్నాను. సేపలుంటే కాకులొస్తాయి, కాకులొస్తే పలకలు పాడైపోతాయి, యుగంధర్ ముచ్చటపడి పెట్టించుకున్నాడు గదా అనుకున్నాను. అందుకే నానే దిగిపోనాను. ఇసక సేపలని సంతలో బేరగాళ్ళు మొకం తిప్పుకుంటన్నారు. అయినా నీకొక మాట సెప్పినానా?"

"సెప్పాల్సింది కదే!"

"ఏటి సెప్పాల? ఆ కుర్రాడు డాబా మీద ఏటి సేస్తారని అడిగినప్పుడు నాను కిందే ఉన్నాను. నువ్వు సెప్పిన మాట నాకినపడింది."

ఇన్నాళ్ళూ రాణి తన కళ్ళలోకి ఎందుకు చూడడం లేదో నారాయణమ్మకి అప్పటికి తెలిసింది. తప్పు చేసింది ఒకరైతే, ఆ తప్పు మొహం చూడలేక కళ్ళు దించుకున్నది మరొకరు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తప్పయిపోనాదే తల్లీ" అంది.

"సేపలు రేపు మళ్ళీ పడతాయి," అంది రాణి. "దొంగ అన్నావు. ఆ మాట ఎక్కడ ఆరబెట్టుకోనప్పా?"

నారాయణమ్మ ఒక్కో చేపా చేతిలోకి తీసుకుని, ఇసుక ఊదుతూ, కొంగుతో తుడుస్తూ బుట్టలో వేసింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అదే పని చేశారు. మాట మాత్రం కలవలేదు.

మర్నాడు ఎల్లాజీ ఆ ఇటుకలతో పెరటి చివర, డాబాకి దూరంగా, నడుమెత్తు దిమ్మ ఒకటి కట్టాడు. కాకులకి ముద్ద ఇక అక్కడే. గంగులు నోరెత్తకుండా మంచినీళ్ళ బావి నుంచి బిందెలు మోసి, తెల్లవారకుండానే పలకలు కడిగాడు. పెట్టెలో అంకె పైకి లేచింది. అందరూ సంతోషించారు గానీ నారాయణమ్మ ఆ అంకె వైపు చూడను కూడా లేదు. గోడ అవతల ఫ్యాను చప్పుడు విని, తులసి చదువుకుంటోంది కాబోలు అనుకుంది. రాణి మాత్రం పొద్దున్నే ఇసుక దిబ్బకి పోతూనే ఉంది. ఎదురుపడితే తప్పుకుంటూనే ఉంది.

మరో ఆదివారం యుగంధర్ చినబాబుని తీసుకొచ్చాడు. పిలిపించమని పట్టుబట్టింది నారాయణమ్మే.

"ఇప్పుడు మార్చడమేంటమ్మా?" అన్నాడు చినబాబు తల గోక్కుంటూ. "బోల్టులు ఊడదియ్యాలి, పాత కన్నాలు మూయాలి, మళ్ళీ కొత్త కన్నాలు వెయ్యాలి. బాగానే పనిచేస్తున్నాయి కదా?"

"నీడ డాబా మద్దిన పడతాంది బాబూ. పడకుండా పెట్టలేవేటి?"

అతను నాలుగు వైపులా చూశాడు. "ఉత్తరం అంచున పెడితే నీడ డాబా దాటి పెరట్లో పడుద్ది. ఆ రోజే చెప్పుంటే అక్కడే పెట్టేవాణ్ణి కదండి? బట్టలారేసుకుంటాం అన్నారు. బట్టలకి ఈ కాస్త నీడ ఏం చేస్తుందని నేనూ పట్టించుకోలేదు. ఈసారైనా సరిగ్గా చెప్పండి. డాబా మీద ఏం చేస్తారు మీరు?"

కింద పక్క వాకిట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

నారాయణమ్మ పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. గొంతు పెంచింది. చినబాబుకి చెప్పడానికి అంత గొంతు అక్కర్లేదు.

"మా రాణి సేపలెండబెడతాది బాబూ. మా అత్త కాలం నుంచీ ఎండబెడతన్నాది. కోటబొమ్మాళి సంతకెల్లి ఎవులినడిగినా సెప్తారు, ఇసక రవ్వ తగలని సేపలు మా రాణివని. ఆ రోజు నాను నీతో అబద్ధమాడినాను. నా సెల్లి కిందుండగానే ఆడినాను. అది దొంగ కాదు, నాను దొంగని. దాని ఎండ నానెత్తుకుపోనాను."

ఎదురింట్లో తాయారు చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. విననీ అనుకుంది నారాయణమ్మ. వీధి వినేలా దొంగ అన్నప్పుడు, కాదన్న మాట కూడా వీధి వినాలి. ఆవిడ కళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. చినబాబు ఏం చెయ్యాలో తోచక రెంచీ తీసి సంచీలో పెట్టాడు, మళ్ళీ బయటికి తీశాడు.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది.

రాణి పైకి వచ్చింది. చంకన చాపలు, భుజం మీద హరిబాబు పాత వల. ఎవరి వైపూ చూడకుండా ఎండ పడుతున్న మూలకి వెళ్ళి చాప విదిలించి పరిచింది. వల విప్పి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నారాయణమ్మ కాళ్ళ దగ్గరికి విసిరింది.

"సూస్తా నిలబడతావేటప్పా? అట్టుకో. సేపల మీద వల కప్పితే కాకులు దిగవు. కాకుల్ని అత్త దిమ్మ కాడే తిననీ."

నారాయణమ్మ వల కొస అందుకుంది. ముడి వెయ్యబోతే జారిపోయింది. రాణి వచ్చి, ఆవిడ చేతుల మీద తన చేతులు వేసి, ముడి బిగించింది.